దొరికిన ఊరి పేరు: కొల్లేటి సీమకు ఒక సేకరణ విధానం

(మల్లంపల్లి సోమశేఖర శర్మ స్మృతికి నివాళిగా ఉపన్యాస పాఠం)

మల్లంపల్లి సోమశేఖర శర్మ 1891లో పశ్చిమ గోదావరి ప్రాంతంలోని మినమించిలిపాడులో పుట్టారు. కొమర్రాజు లక్ష్మణరావు వెంట విజ్ఞాన సర్వస్వానికి పనిచేశారు. పెద్ద డిగ్రీలేవీ లేకుండానే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్పే స్థాయికి ఎదిగారు. ఆయన రాసిన రెడ్డి రాజ్యాల చరిత్ర 1948లో వెలువడింది. రాగిరేకుల మీద, రాతి స్తంభాల మీద ఉన్న అక్షరాలను ఓపికగా చదివి, వాటి నుంచి రాజుల వరసలను, ఊళ్ల ఎల్లలను, పన్నుల పేర్లను బయటికి తీసిన తరం ఆయనది. ఆయన స్మృతికి నివాళిగా మ్యూజియం రిజిస్టర్ల గురించి మాట్లాడటం కొందరికి చిన్న విషయంగా తోచవచ్చు. కానీ శాసనాన్ని చదివే పండితుడు మొదట అడిగే ప్రశ్న అందులో ఏముందన్నది కాదు, అది ఎక్కడ దొరికిందన్నది. ఆ జవాబు రాసిపెట్టే బాధ్యత మ్యూజియానిది.

ఆంధ్రదేశపు తొలి రాజవంశాల చరిత్రలో శాసనానికి దొరికిన ఊరే పేరు. వేంగిని ఏలిన శాలంకాయనులనే తీసుకుంటే, దేవవర్మ ప్రాకృత దానపత్రం ఏలూరు పేరుతో, హస్తివర్మది పెనుగొండ పేరుతో, నందివర్మ రాగిరేకుల్లో ఒకటి పెదవేగి పేరుతో, మరొకటి ఏకంగా కొల్లేరు పేరుతో చరిత్ర పుస్తకాలకెక్కాయి. క్రీస్తుశకం నాలుగైదు శతాబ్దాల రాజ్యాన్ని ఇలాంటి కొద్దిపాటి రేకుల ఆధారంతోనే కూర్చారు. వీటిలో ఊరి పేరు ఒక్కటి చెరిగిపోయినా ఆ రాజ్యం ఎంత మేర సాగిందో చెప్పే ఆధారం ఒకటి పోతుంది. కొల్లేరు శాసనం సంగతే చూడండి. కొల్లేరంటే ఒక చెరువు కాదు, వందల చదరపు కిలోమీటర్ల నీరు, లంకలు, బురద. సరస్సు పేరు చెప్పినంత మాత్రాన ఏ లంక, ఎంత లోతు, పక్కన కుండపెంకులున్నాయా ఇటుకలున్నాయా అన్నవి తెలియవు. ఈ రోజుల్లో చేపల చెరువు తవ్వుతుంటే పొక్లెయిన్ బకెట్‌కు అలాంటి రేకులే తగిలితే ఆ నాలుగు సంగతులూ రాసుకునే మనిషి గట్టు మీద ఉంటాడా? ఈ ఉపన్యాసం అంతా ఆ మనిషి గురించే, అతని చేతిలో ఉండవలసిన కాగితం గురించే.

ఆ కాగితాన్ని మ్యూజియంల వాళ్లు సేకరణ నిర్వహణ విధానం అంటారు. మ్యూజియం ఏది తీసుకుంటుంది, ఏది తీసుకోదు, ఎవరి దగ్గర ఎలా తీసుకుంటుంది, ఎలా నమోదు చేస్తుంది, ఎక్కడ భద్రపరుస్తుంది, ఎవరికి అరువిస్తుంది, ఏది ఎప్పుడు జాబితా నుంచి తొలగిస్తుంది, వీటన్నిటికీ ముందుగానే రాసుకున్న నియమాలు అవి. అంతర్జాతీయ మ్యూజియం మండలి ఐకామ్ 1986లో ఆమోదించి, 2004లో సవరించిన నైతిక నియమావళి ప్రతి మ్యూజియం ఇలాంటి విధానాన్ని రాసి, ప్రకటించాలని కోరుతుంది. మన దగ్గర మాత్రం మ్యూజియం అనగానే మొదట భవనం, తర్వాత అద్దాల బీరువాలు, ఆ తర్వాత ప్రారంభోత్సవ శిలాఫలకం. రిజిస్టరు మాట చిట్టచివర, అదీ ఆడిట్ వాళ్లు వచ్చాక.

ఇలా తలకిందులుగా జరిగిన పనికి ఎంత నష్టం వస్తుందో ఈ నేలకు బాగా తెలుసు. 1830ల్లో మచిలీపట్నం కలెక్టర్ రాబర్ట్‌సన్ అమరావతి స్తూపపు శిల్పఫలకాలు కొన్ని తెప్పించి, కొత్తగా కట్టించిన బజారుకు అలంకారంగా నిలబెట్టాడు. 1845లో వాల్టర్ ఇలియట్ అమరావతి దిబ్బ తవ్వించి, తీసిన రాళ్లను మద్రాసుకు పంపాడు. అవి అక్కడ ఏళ్ల తరబడి ఎండకూ వానకూ ఉన్నాయి. చివరికి విలియం టేలర్ అనే పండితుణ్ణి పిలిచి జాబితా రాయించారు. 1858లో లినేయస్ ట్రైప్ ఫోటోలు తీశాడు. 1859లో చాలా రాళ్లు లండన్ ఓడ ఎక్కాయి, 1880లో బ్రిటిష్ మ్యూజియం చేరాయి. అంటే వస్తువు ముందు ప్రయాణించింది, కాగితం వెనక నడిచింది. ఏ రాయి దిబ్బలో ఏ చోట, ఏ వరసలో పడి ఉందో చెప్పే పూర్తి రికార్డు లేనందువల్లే అమరావతి స్తూపం అసలు ఎలా ఉండేదన్నది పండితులు ఇప్పటికీ ఊహాచిత్రాలతో తేల్చుకోవలసి వస్తోంది. ఈ నష్టంలో దొంగ ఎవరూ లేరు. అందరూ రాళ్లను కాపాడుతున్నామనే అనుకున్నారు.

దొంగ ఉన్న కథ ప్రకాశం జిల్లా చందవరానిది. 1970ల్లో తవ్విన ఈ బౌద్ధ క్షేత్రం నుంచి చోరీ అయిన ఒక సున్నపురాతి శిల్పం, బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తుల శిల్పం, న్యూయార్క్ డీలర్ ద్వారా 2005లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరింది. 2016లో ఆస్ట్రేలియా దాన్ని భారతదేశానికి అప్పగించింది. తిరిగి ఇప్పించినవి ఆ శిల్పం ఇక్కడే ఉండేదని చూపిన పాత ఫోటోలు. భారతదేశం 1977లో ఆమోదించిన 1970 నాటి యునెస్కో ఒప్పందం ఇలాంటి వాపసులకు దారి చూపుతుంది కానీ, ఇది మాదేనని నిరూపించే భారం మాత్రం అడిగే దేశం మీదే ఉంటుంది. ఫోటో లేని శిల్పం, కొలతలు రాయని శిల్పం పోతే పోయినట్టే.

పెద్ద మ్యూజియంలకూ ఈ బాధ తప్పలేదు. 2023 ఆగస్టులో బ్రిటిష్ మ్యూజియం తన గిడ్డంగుల నుంచి దాదాపు 2,000 చిన్న వస్తువులు పోయాయని, పాడయ్యాయని ఒప్పుకుంది. వాటిలో చాలావాటికి పూర్తి నమోదు లేదు. నమోదు లేని వస్తువు పోయిందని తెలియడానికే ఏళ్లు పడుతుంది. మన దగ్గర 2013లో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక కేంద్ర రక్షిత కట్టడాల్లో 92 కనిపించడం లేదని చెప్పింది. కట్టడాలకే ఆ గతి పడితే అరచేతిలో ఇమిడే నాణెం సంగతి ఏమిటి?

ఇక కొల్లేటి సీమకు వద్దాం. ఇక్కడ ఒక ప్రాంతీయ మ్యూజియం తన విధానం రాసుకోవాలంటే మొదటి పేజీలో ఉండవలసింది పరిధి. అన్నీ సేకరించే మ్యూజియం చివరికి ఏదీ సరిగా కాపాడలేదు. ఏలూరుకు సుమారు 12 కిలోమీటర్ల దూరంలో పెదవేగి ఉంది. శాలంకాయనులకూ, తర్వాత తూర్పు చాళుక్యులకూ రాజధాని అది. 1980ల్లో పురావస్తు సర్వేక్షణ శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. కామవరపుకోట దగ్గర గుంటుపల్లి బౌద్ధ గుహలున్నాయి. ఈ రెండూ కేంద్ర శాఖ చేతిలో ఉన్నవి. అక్కడి రాళ్లను ఏలూరుకు తరలించాలని పట్టుబట్టడం కన్నా, వాటి ఫోటోలు, అచ్చులు, శాసనాల పాఠాలు ఇక్కడ పెట్టుకుని, వస్తువుల్ని చోటు కదలకుండా ఉంచడమే మేలు. మ్యూజియం తన బలమంతా ఎవరూ పట్టించుకోని వాటి మీద పెట్టాలి.

అవి ఏమిటి? కొల్లేటి వేట సామాను. తాటిమానులతో చేసిన దోనె, వెదురుతో అల్లి చేపలు పట్టే మావు, రకరకాల వలలు. 1999లో ప్రభుత్వం అయిదో కాంటూరు (ఎత్తు గీత) దాకా కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఈ గొడవలన్నిటి గురించి ఫైళ్లు, కోర్టు కాగితాలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. కానీ చెరువులు రాకముందు చేపల వేట చేసే వడ్డి కుటుంబాలు మావు ఎలా అల్లేవారో, ఏ నీటిమట్టానికి ఏ చోట పెట్టేవారో, ఏ చేపకు ఏ కన్ను వల వేసేవారో అన్నది ముసలివాళ్ల చేతుల్లోనే ఉంది. వంద రూపాయలకు ఒక మావు కొని గోడకు తగిలిస్తే అది అలంకారం అవుతుంది. అల్లిన మనిషి పేరు, ఊరు, అల్లుతున్నప్పటి వీడియో, వెదురు ఎక్కడిది, పెట్టే పద్ధతి, పడే చేపలు, ఇవన్నీ కలిపి నమోదు చేస్తే అప్పుడది సేకరణ. ఈ పనికి ఆలస్యం పనికిరాదు. వెదురు మళ్లీ దొరుకుతుంది, చేయి దొరకదు.

తరువాత ఏలూరు తివాచీలు. పర్షియా నుంచి వచ్చి స్థిరపడిన నేతగాళ్ల వారసులుగా చెప్పుకునే కుటుంబాలు ఈ ఊళ్లో తరతరాలుగా ఉన్ని తివాచీలు నేస్తూ, విదేశాలకు పంపుతూ వచ్చాయి. ఇక్కడి నమూనాలకు హైదర్‌ఖానీ, రామచంద్రఖానీ లాంటి పేర్లున్నాయి. ఒక తివాచీ తీసుకునేటప్పుడు నేతగాడి పేరు, నమూనా పేరు, రంగుల వివరం, చదరపు అంగుళానికి ముడుల లెక్క, నమూనా కాగితం కూడా తీసుకోవాలని విధానంలో ఉండాలి. ఎగుమతి సరుకు మీద వ్యాపారి పేరే కనిపిస్తుంది. మ్యూజియంలో అయినా నేసిన చేతి పేరు కనిపించాలి.

తాడేపల్లిగూడెం ఈ జాబితాలోకి మరో దారిన వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అక్కడ వేసిన విమానాల రన్‌వే పట్టణం పక్కనే ఉంది. 1972 నాటి పురావస్తువుల చట్టం లెక్కన వందేళ్లు నిండిన వస్తువే పురావస్తువు, చేతిరాత గ్రంథమైతే 75 ఏళ్లు. ఆ లెక్కన యుద్ధకాలపు ఫోటో గానీ, రన్‌వే పనిలో కూలీకి వెళ్లినవాళ్ల జ్ఞాపకం గానీ చట్టం కంటికి ఆనదు. మ్యూజియం మాత్రం వందేళ్లు నిండేదాకా ఆగకూడదు. అలాగే ఆ ఊరి ఉల్లి మార్కెట్, బియ్యం మిల్లుల పాత చిట్టాలు, ఆవర్జాలు. ధరలు, కూలి, రవాణా గురించి ఈ ప్రాంతపు ఆర్థిక చరిత్ర రాయాలనుకునేవాడికి అంతకన్నా మంచి ఆధారం లేదు. మిల్లు యజమాని స్టాకు పుస్తకంలో రాయకుండా ఒక్క బస్తా లోపలికి రానివ్వడు, బయటికి పోనివ్వడు. మ్యూజియం నుంచి అడిగేది ఆపాటి జాగ్రత్తే.

ఏది తీసుకోకూడదో కూడా అంతే స్పష్టంగా రాయాలి. చచ్చిపడిన గూడబాతును తెచ్చి, లోపల గడ్డి కూరి బీరువాలో పెట్టాలని బడి మాస్టారు ఎవరైనా ఉత్సాహపడితే, వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీ శాఖ అనుమతి లేకుండా అది నేరం. ఈకలకూ, గుడ్లకూ అదే జాగ్రత్త. కొల్లేటి గట్టున ఆటపాకలో అటవీ శాఖ పక్షుల నమూనాలు ప్రదర్శనకు పెట్టింది. ఆ దారే మంచిది. లంకెబిందెల ఆశతో రాత్రిళ్లు దిబ్బలు తవ్వేవాళ్ల దగ్గర కొనడం అసలే కూడదు. వస్తువు నాశనమవుతుందన్న జాలితో కొన్నా, రేపు మరో దిబ్బ తవ్వడానికి డబ్బు ఇచ్చినట్టే. భూమిలో దొరికినది పది రూపాయలకు మించిన విలువదైతే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతుంది. రైతుకు ఈ సంగతి తెలియదు, లేదా తెలిసినా పోలీసులు, పొలం పని ఆగిపోవడం అన్న భయంతో వస్తువును కాలవలో పడేస్తాడు. అందుకే విధానంలో రైతు వైపు నుంచి కూడా ఒక పేజీ ఉండాలి. దొరికిన వెంటనే ఎవరికి ఫోన్ చేయాలి, చోటు కదపకుండా ఏం చేయాలి, చట్టప్రకారం అతనికి ఏమొస్తుంది, ప్రదర్శనలో అతని పేరు ఎలా వేస్తారు, ఇవన్నీ సర్పంచి కార్యాలయంలో అతికించదగిన తేలిక మాటల్లో ఉండాలి.

గుంటుపల్లి మరో చిక్కు ముందుకు తెస్తుంది. అక్కడి గుండ్రటి చైత్యగుహలోని స్తూపాన్ని చుట్టుపక్కల ఊళ్లు ధర్మలింగేశ్వరుడిగా కొలుస్తూ వచ్చాయి. పురావస్తు శాఖకు అది క్రీస్తుపూర్వపు బౌద్ధ స్తూపం. మహామేఘవాహన వంశపు సిరిసదుని శాసనాలు, శాలంకాయన నందివర్మ శాసనం ఆ కొండకే చెందినవి. ఇన్ని కాలాలు, ఇన్ని నమ్మకాలు ఒక్కచోట పేరుకున్నప్పుడు వివరణ ఫలకం మీద ఒక్క మాటే రాస్తే మిగిలినవాళ్లను వెళ్లగొట్టినట్టే. ఊరి గుడిలో పూజలందుకుంటున్న విగ్రహాన్ని పాతదన్న కారణంతో మ్యూజియానికి తేకూడదు. తెచ్చినవాటికి ఊరివాళ్లు పూలు పెట్టాలనుకుంటే వాదనకు దిగకుండా మర్యాదగా సమాధానం చెప్పే పద్ధతి ఉండాలి. ఈ మర్యాదను సిబ్బంది స్వభావానికి వదిలేయకుండా నియమంగా రాయాలి.

దాతల విషయంలో మన మొహమాటం పెద్ద అడ్డంకి. తాతగారి తాటాకు గ్రంథాలు తెచ్చి ఇచ్చిన పెద్దమనిషిని కాగితం మీద సంతకం అడగడం అవమానమనుకుంటారు. పాతికేళ్ల తర్వాత మనవడు వచ్చి, మావాళ్లు దాచిపెట్టమని ఇచ్చారు తప్ప దానం చేయలేదంటే మ్యూజియం దగ్గర జవాబు ఉండదు. దానమా, అరువా, అమ్మకమా అన్నది ఆ రోజే తేలాలి. ఎప్పటికీ ప్రదర్శనలోనే ఉంచాలనే షరతుతో ఇచ్చే దానాన్ని గౌరవంగా కాదనాలి. అరువుకు గడువు ఉండాలి.

నమోదు పని చూడటానికి చిన్నదే. ప్రతి వస్తువుకూ మూడు భాగాల సంఖ్య సరిపోతుంది. వచ్చిన సంవత్సరం, ఆ ఏడాది ఎన్నో విడత, ఆ విడతలో ఎన్నో వస్తువు. రాతి మీద, లోహం మీద సంఖ్య నేరుగా రాయకూడదు. తరవాత కరిగించి తీయగలిగిన పారలాయిడ్ లాంటి పూత పలచగా వేసి, దాని మీద సన్నగా రాయాలి. బట్టకూ తివాచీకీ జిగురు చీటీ అంటించకుండా నూలు పట్టీ మీద సంఖ్య రాసి కుట్టాలి. కొలతలు, బరువు, అన్ని వైపుల ఫోటోలు, ఇప్పుడున్న స్థితి, పగుళ్లు, ఏ గదిలో ఏ అరలో ఉందన్నది రాయాలి. పాత రిజిస్టర్లలో కనిపించే ‘రాతి విగ్రహం, ఒకటి’ అన్న నమోదుతో ఏ దొంగనూ పట్టుకోలేరు, ఏ పరిశోధకుడికీ సాయం చేయలేరు. కేంద్ర ప్రభుత్వ మ్యూజియంల కోసం సి-డాక్ తయారుచేసిన జతన్ సాఫ్ట్‌వేర్ ఉంది. అలాంటిది వాడినా, గట్టి అట్ట కట్టిన చేతిరాత రిజిస్టరు ఒకటీ, వేరే ఊళ్లో దాచిన నకలు ఒకటీ ఉండాల్సిందే. 2016 ఏప్రిల్‌లో ఢిల్లీలోని జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం, 2018 సెప్టెంబరులో బ్రెజిల్ జాతీయ మ్యూజియం కాలిపోయిన తీరు చూశాక, వస్తువూ దాని రికార్డూ ఒకే కప్పు కింద ఉంచడం సాహసమే.

ఇక్కడి శత్రువు నిప్పు కన్నా నీరు. బుడమేరు, తమ్మిలేరు కొల్లేట్లోకి దిగుతాయి, సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన తర్వాత కింది అంతస్తులో గిడ్డంగి పెట్టే ఆలోచనే రాకూడదు. తేమ గాలికి రాగి మీద పచ్చటి పొడి రాలుతుంది, తాటాకుకు బూజు పడుతుంది, ఉన్నికి పురుగు, వెదురుకు చెద. అన్నిటికన్నా ప్రమాదం మన ప్రేమే. రాగిరేకును చింతపండుతో తోమి తళతళలాడించి తెచ్చేవాళ్లున్నారు. ఆ మెరుపుతో పాటు అక్షరాల అంచులూ పోతాయి. తోమకండి, నూనె రాయకండి, ఉన్నది ఉన్నట్టు తెండి అన్న మాట ప్రతి పంచాయతీకి చేరాలి. లోహ పరీక్షలకు తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీతో ఒప్పందం చేసుకుంటే ప్రతి చిన్న పనికీ హైదరాబాదు, చెన్నైల వైపు చూడనక్కర లేదు.

మిగిలిన చిక్కంతా పాలనలో ఉంది. అధికారి బదిలీ అయిన రోజున చార్జి లిస్టు మీద సంతకాలు పడతాయి, వస్తువుల్ని ఒక్కొక్కటిగా చూసుకోవడం మాత్రం జరగదు. ట్రెజరీలో ఉన్నట్టే విలువైన గదికి రెండు తాళాలు, ఇద్దరి దగ్గర తాళంచెవులు ఉండాలి. ఏటా ఒకసారి బయటి మనిషి ఒకరు కూర్చుని రిజిస్టరుతో వస్తువుల్ని సరిచూడాలి. చెద తినేసిన వస్తువును జాబితా నుంచి తీయాలన్నా ఒక్కడి నిర్ణయంతో కాకుండా కమిటీ తీర్మానంతో, ఫోటోతో, కారణంతో తీయాలి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. కొల్లేటి గట్టున ఉన్న కైకలూరు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాకు మారింది, తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరిలో ఉండిపోయింది. గీతలు మళ్లీ మారవచ్చు. అందుకే రిజిస్టరులో జిల్లా పేరు కన్నా ముందు ఊరు, సర్వే నంబరు, అక్షాంశ రేఖాంశాలు రాయాలి.

ఇదంతా పది పేజీల్లో రాయగలిగిన పని. చరిత్ర ఉపాధ్యాయులు, ఒక న్యాయవాది, పురావస్తు శాఖ అధికారి, లంక గ్రామం నుంచి ఒక వేటగాడు, ఏలూరు తంగెళ్లమూడి నుంచి ఒక తివాచీ నేతగాడు కలిసి కూర్చుంటే కొద్ది వారాల్లో చిత్తుప్రతి తయారవుతుంది. భవనానికి నిధులు వచ్చేదాకా ఆగక్కర లేదు, భవనం ప్లానే ఆ చిత్తుప్రతి చూసి గీయాలి. ఈలోగా పాఠకులు చేయగలిగింది ఒకటుంది. మీ ఇంట్లో పాత దానపత్రం, తాటాకు కట్ట, మావు, తివాచీ, దుకాణం చిట్టా ఏదున్నా దాన్ని శుభ్రం చేయకుండా ఫోటో తీయండి. ఎవరిది, ఏ ఊరిది, మీ ఇంటికి ఎలా వచ్చిందో ఒక కాగితం మీద తారీఖుతో రాసి, సంతకం చేసి, దానితో పాటే ఉంచండి.